పానశాల కళామందిరమైన వృత్తాంతము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదివిన ఉపన్యాసము)



గ్రంథాలయ రజతోత్సవమున పుస్తకముల మహిమను గూర్చి మాటలాడుట ఆచారము. ఆ పనికి తగిన పెద్దలు ఈ వేదికపై అనేకులు కలరు. కావున ఈ ఉపన్యాసమునకు వేరొక విషయము ఎన్నుకొనబడినది. ఇది ఒక ఇంటి కథ. ఆ యిల్లు లండను నగరమున కలదు. మొదట అది పానశాల; నేడు కళామందిరము. ఈ రెంటి నడుమ ఆ యింటి తలుపు ఎన్నోసార్లు మూయబడినది, ఎన్నోసార్లు తెరువబడినది. గ్రంథాలయమునకును త్రాగుడింటికిని సంబంధమేమని కొందరికి ఆశ్చర్యము కలుగవచ్చును. కథ నడచిన కొలది ఆ సంబంధము తానే తెలియగలదు.

ముందుగా ఒక మాటకు అర్థము చెప్పుకొనవలయును. ఆంగ్లేయులు తమ పానశాలను పబ్ అందురు. అది పబ్లిక్ హౌస్ అను మాటకు కుదింపు. పబ్లిక్ హౌస్ అనగా ప్రజాగృహము; పదిమందికిని తలుపు తెరచియుండు ఇల్లు. అది కల్లుపాక వంటిదే యనుకొన్నచో సగము మాత్రమే నిజమగును. ఆ దేశమున చలి మిక్కుటము. నూటయేబది యేండ్ల క్రిందట లండను కూలివాని సంసారమంతయు తరచుగా ఒకే గదిలో నుండెడిది. పగలెల్ల బరువులు మోసి వచ్చినవానికి కాచుకొనుటకు నిప్పు, చూచుటకు వెలుగు, మాటలాడుటకు నలుగురు మనుష్యులు దొరకు తావు ఆ వీధికంతకు పానశాల యొక్కటే. అచ్చట బీరు అమ్ముదురు, నిజమే. కాని వార్తాపత్రికను ఒకడు చదువగా పదిమంది వినునదియు అచ్చటనే. మరునాడు ఏ రేవులో పని దొరకునో తెలిసికొనునదియు అచ్చటనే. సంఘములు సమావేశమగునదియు, పాటలు పాడుకొనునదియు అచ్చటనే. తెలుగు గ్రామమున రచ్చబండ యొకచోట, చావడి యొకచోట, కల్లుపాక యొకచోట నుండగా, అక్కడ ఆ మూడును ఒక్క కప్పు క్రింద నుండెనని చెప్పవచ్చును. అందుచేతనే అక్కడ మంచియు చెడుగును ఒకే పాదులో పెరిగినవి. రెంటిని వేరుచేయుట యెట్లు అనునదే ఈ కథలోని చిక్కు.

లండను నగరమున థేమ్స్ నది యొడ్డున టవర్ అను ప్రాచీనమైన కోట కలదు. దానికి తూర్పున పూర్వము ఓడరేవుల పేట యుండెను. ఆ పేటలో వెల్‌క్లోజ్ స్క్వేర్ అనబడు చౌకము చుట్టు డేన్మార్కు, నార్వే దేశములనుండి వచ్చిన కలప వర్తకులును, ఓడల కప్తానులును కాపురముండిరి. వారికై డేన్మార్కు దేశస్థుల ప్రార్థనాలయ మొకటి 1690వ దశకమున ఆ చౌకము నడుమ కట్టబడినది. చౌకము ప్రక్కన గ్రేసెస్ ఆలీ అను సన్నని సందు కలదు. ఆ సందులోని వరుస యిండ్లలో నొకటి 18వ శతాబ్దమున పానశాలయైనది. దానికి ప్రిన్స్ ఆఫ్ డేన్మార్క్ అని పేరు. 19వ శతాబ్దము మొదటి భాగమున ఆ పానశాల యజమాని లోపలి బల్లను, సామగ్రిని ఖరీదైన మహాగని కలపతో చేయించెను. ఆ కాలమున అది వింత. యువరాజు పేరు మరుగున పడినది. జనులు దానిని మహాగని బార్ అని పిలువసాగిరి. ఇల్లు ఎన్ని చేతులు మారినను ఆ పేరు మాత్రము నేటికిని నిలిచియున్నది.

పానశాలలో పాట యెట్లు ప్రవేశించినదో కొంచెము చెప్పవలసియున్నది. త్రాగుటకు వచ్చినవారిని మరికొంతసేపు కూర్చుండబెట్టుటకై యజమానులు గాయకులను పిలిపించెడివారు. క్రమముగా ఇంటి వెనుక పాటలకు వేరుగ గదులు వెలసినవి. మహాగని బార్ వెనుక అట్టి గది 1839లో ఏర్పడినది. 1843లో నాటకశాలలను గూర్చి ఇంగ్లండున ఒక చట్టము వచ్చినది. దాని ప్రకారము నాటకములాడు శాలలో ప్రేక్షకులు కూర్చున్నచోట త్రాగరాదు. త్రాగుడునకు అనుమతి గల శాలలో పూర్తి నాటకము ఆడరాదు. ఈ నిబంధన వలన పానశాలలకు పాటయు, హాస్యమును, గారడియు, నృత్యమును మిగిలినవి. వీనినుండియే మ్యూజిక్ హాలు అను కొత్త వినోదము పుట్టినది. 1852లో చార్లెస్ మార్టన్ అను యజమాని లాంబెత్ పేటలో తన పానశాల ప్రక్కన కాంటర్బరీ హాలును కట్టించి దారి చూపెను. సేవకురాలుగా పానశాలలో అడుగుపెట్టిన పాట తుదకు ఆ యింటికి యజమానురాలైనది.

జాన్ విల్టన్ అనునతడు సుమారు 1850లో మహాగని బార్‌ను చేపట్టెను. అతడు వెనుకనున్న చిన్న గదితో తృప్తినొందక, వరుస యిండ్ల వెనుకనున్న స్థలమున 1859లో ఒక గొప్ప శాలను నిర్మించెను. ఈ శాలకు వీధివైపు ముఖము లేదు. సందులో నడచుచున్నవానికి పాత యిండ్ల గోడలు తప్ప మరేమియు కానరాదు. పానశాల గుమ్మము దాటి, ఇరుకైన నడవలో నడచి లోనికి పోయినవానికి ఒక్కమారుగా ఎత్తైన కప్పు గల మహాశాల కన్నులయెదుట నిలుచును. చెరకుగడను మెలిపెట్టినట్లుండు పోత ఇనుప స్తంభములు. వానిపై శాల చుట్టును బాల్కనీ. బాల్కనీ ముఖమున ఆకులు పూవులు చెక్కినట్లు పోతపోసిన అలంకారము. ఆ కాలమున కప్పునుండి వ్రేలాడిన పెద్ద వాయుదీపముల గుత్తి, గోడలకు నిలువుటద్దములు. ధనికుల పేటలోని శాలలకు తీసిపోని శాలను కూలివాండ్ర పేటలో కట్టవలయునని విల్టన్ తలచెను. రేవు కూలీలు, చేతిపనివారు, వారి కుటుంబములు, దేశదేశముల నావికులు ఆ పేట జనులు. భారతదేశమునుండి ఓడలలో పనిచేయుచు వచ్చిన లాస్కరులు అను నావికులును ఆ రేవులలోనే దిగెడివారు.

విల్టన్ 1868లో ఆ శాలను విడిచెను. 1877లో గొప్ప అగ్నిప్రమాదము జరిగినది. శాల మరల కట్టబడినను పూర్వపు వైభవము రాలేదు. నగరము నడుమ ఇంకను పెద్ద శాలలు వెలసినవి. అగ్నిప్రమాద నివారణకై నిబంధనలు కఠినమైనవి. 1880వ దశకము ప్రారంభమున పాట ఆగినది. ముప్పది యేండ్లయినను నిండకమునుపే విల్టన్ శాల మూతపడినది.

ఇక్కడ కథ మలుపు తిరిగినది. 1888లో మెథడిస్టు శాఖకు చెందిన క్రైస్తవ ధర్మప్రచారకులు ఆ యింటిని తీసికొనిరి. వారు మద్యమునకు పరమ విరోధులు. ఒకప్పుడు గ్లాసులు గలగలలాడిన శాలలో ప్రార్థనలు వినబడసాగినవి. పాపమునకు నెలవని యెంచిన యింటిని వారు కూలద్రోసి కొత్త మందిరము కట్టుకొనవచ్చును గదా! అట్లు చేయలేదు. పాటకై కట్టిన శాల ఉపన్యాసమునకు సరిపోయినది. మెల్లగా మాటలాడినను వెనుక వరుసవానికి వినబడును. బాల్కనీలో వందలమంది కూర్చుండవచ్చును. జనులు మహాగని బార్ మిషను అని పిలిచినను వారు కోపింపలేదు. మద్యమును వెడలగొట్టిరి, ఇంటిని నిలిపిరి.

మరుసటి యేడే ఆ యింటికి పరీక్ష వచ్చినది. 1889 ఆగస్టులో లండను రేవు కూలీలు సమ్మె కట్టిరి. గంటకు ఆరు పెన్నీల కూలి కావలయునని వారి కోరిక. బెన్ టిల్లెట్, జాన్ బర్న్స్, టామ్ మాన్ మొదలగువారు నాయకులు. సుమారు ఐదు వారములు రేవులు స్తంభించినవి. నాడు పనిచేసిననే నాడు తిండి దొరకు కుటుంబములకు ఐదు వారములనగా ఎంత కాలమో చెప్పనక్కరలేదు. ఆ దినములలో మహాగని బార్‌లో గంజికేంద్రము నెలకొల్పబడినది. సమ్మె కట్టినవారి పిల్లలకును, స్త్రీలకును అచ్చట భోజనము పెట్టబడినది. తుదకు కూలీలు గెలిచిరి. తమ కూలిడబ్బు పోగొట్టుకొన్న గుమ్మముననే వారి బిడ్డలు ఆకలి తీర్చుకొనిరి. ఇటుకలు అవే, బల్ల అదే. ఇంటి ధర్మము మారినది.

సుమారు డెబ్బది యేండ్లు ఆ మిషను అచ్చట నడచినది. పక్కనే యున్న కేబుల్ వీధిలో 1936 అక్టోబరు 4న, ఫాసిస్టుల ఊరేగింపును పేట ప్రజలు అడ్డగించినప్పుడును అది యుండెను. రెండవ ప్రపంచ యుద్ధమున ఆకాశమునుండి బాంబులు కురిసి చుట్టుపట్ల ఇండ్లు నేలమట్టమైనప్పుడును అది నిలిచెను. 1956లో మిషను వెడలిపోయినది. పిమ్మట ఆ మహాశాల చింకిగుడ్డలను ఏరి మూటలుగట్టు గిడ్డంగియైనది.

1960వ దశకమున ఆ యింటికి మరణశాసనము వ్రాయబడినది. లండను కౌంటీ కౌన్సిలు ఆ పేటలోని శిథిల గృహములన్నింటిని పడగొట్టి కొత్త యిండ్లు కట్ట నిశ్చయించెను. ఇక్కడ న్యాయముగా ఆలోచింపవలయును. కౌన్సిలువారు దుర్మార్గులు కారు. యుద్ధమున దెబ్బతిని, తడిసి, బూజుపట్టిన ఇండ్లలో బీదలు కాపురము చేయుచుండగా, వారికి గాలి, వెలుతురు, నీటివసతి గల ఇండ్లు కట్టుట పుణ్యకార్యమే. ఒక గొప్ప కార్యమునకు ఒక పాత పానశాల అడ్డమా యని ఎవరైన అడిగినచో ఏమి బదులు చెప్పవలయును?

బదులు చెప్పినవారు కొందరు కలరు. తరువాతి కాలమున ఆంగ్లేయుల ఆస్థానకవియైన జాన్ బెట్జెమన్ వారిలో ముఖ్యుడు. మ్యూజిక్ హాలు అభిమానుల సంఘమువారును, హాస్యనటులు పీటర్ సెల్లర్స్, స్పైక్ మిల్లిగన్ వంటివారును తోడైరి. వారి వాదము సులభమైనది: రాజుల కోటలను, ప్రభువుల మేడలను కాపాడుటకు చేతులు చాల కలవు, కూలివాడు నవ్వినచోటును, పాడినచోటును కాపాడువారెవరు? అట్టి శాలలు లండనులో ఒకప్పుడు వందలకొలది యుండెను. ఆ మొదటి తరపు శాలలలో చెక్కుచెదరక మిగిలినవి వ్రేళ్ళపై లెక్కింపదగినవి. వారి మాట చెల్లినది. చుట్టునున్న వీధులు పడిపోయినవి. వెల్‌క్లోజ్ స్క్వేర్‌లో ధనికులైన వర్తకులు కాపురమున్న సొగసైన ఇండ్లు నామరూపములు లేకుండ పోయినవి. సందులోని పానశాలయు, దాని వెనుకనున్న శాలయు మిగిలినవి. 1971లో అది రక్షింపదగిన చారిత్రక కట్టడముగా, ద్వితీయ శ్రేణిలో నక్షత్ర చిహ్నముతో, ప్రభుత్వ పట్టికకు ఎక్కినది.

పట్టికకు ఎక్కినంతమాత్రమున ఇల్లు బ్రదుకునా? చట్టము పలుగును ఆపగలదు. కప్పు కారుటను ఆపజాలదు. అటుపై ఇరువది యేండ్లకు మించి ఆ శాల జనము లేక పడియుండెను. గోడలు చెమ్మగిల్లినవి, రంగులు పెచ్చులూడినవి. అప్పుడప్పుడు చలనచిత్రముల వారు వచ్చి పాతకాలపు దృశ్యములు తీసికొని పోయెడివారు. గాంధి చిత్రమును తీసిన రిచర్డ్ ఆటెన్‌బరో 1992లో విడుదలయైన చాప్లిన్ చిత్రమునకు ఆ శాలను వాడుకొనెను. నిలిపిన ఇల్లు వేరు, నివసించిన ఇల్లు వేరు. పాడుపడిన దేవళమునకు ధర్మకర్త పేరు దస్తావేజులో నున్నను, దీపము పెట్టువాడు లేనిచో గబ్బిలములే అర్చకులగును.

1997లో దీపము మరల వెలిగినది. ఫియోనా షా అను నటీమణి, డెబొరా వార్నర్ దర్శకత్వమున, టి. ఎస్. ఎలియట్ రచించిన ది వేస్ట్ లాండ్ కావ్యమును ఆ శిథిల శాలలో ఒంటరిగా నిలిచి అభినయించెను. పెచ్చులూడిన గోడలే రంగాలంకారమైనవి. జనులు వచ్చిరి. తరువాత కొంతకాలము ఒక సంగీతనాటక సమాజము అచ్చట ప్రదర్శనలిచ్చినది. 2004లో విల్టన్స్ మ్యూజిక్ హాల్ ట్రస్టు ఆ యింటి బాధ్యత వహించినది. చేతిలో ధనము లేదు. ఇంటిలో చాల భాగము కాలుపెట్టుటకును తగియుండలేదు. 2007లో ప్రపంచ స్మారక నిధి అను సంస్థ లోకములో అపాయస్థితిలోనున్న నూరు స్థలములను ప్రకటింపగా వానిలో ఈ శాల పేరును చేరినది.

ఇక బాగుచేసిన విధము. గ్రామములలో గుడికో, సత్రమునకో, గ్రంథాలయమునకో మరమ్మతు చేయించువారందరు వినదగిన భాగమిది. సాధారణముగా ధనము చేతికి రాగానే పాతదంతయు గీకివేసి, సున్నము కొట్టి, రంగులు పూసి కొత్తదానివలె మెరయునట్లు చేయుట లోకాచారము. ఇంగ్లండులో ఈ అలవాటును విలియమ్ మారిస్ అను కవి, శిల్పి ఖండించి, 1877లో ప్రాచీన కట్టడముల రక్షణకై ఒక సంఘమును స్థాపించెను. పాతదానిని నటింపజేయరాదు, చెడిన మేరకు బాగుచేసి నిలుపవలయునని ఆ సంఘపు సిద్ధాంతము. విల్టన్ శాల కాలిపోయిన సంవత్సరమే ఆ సంఘము పుట్టిన సంవత్సరము. ఆ సిద్ధాంతమే నూరేండ్ల పైచిలుకునకు ఈ శాలకు ఔషధమైనది.

టిమ్ రోనాల్డ్స్ అను వాస్తుశిల్పి చేతిమీదుగా మొదట మహాశాలయు, పిదప ముందరి ఇండ్లును బాగుచేయబడి 2015లో పని ముగిసినది. కప్పు కారకుండ చేసిరి. పునాదులను, దూలములను గట్టిచేసిరి. విద్యుత్తు, మెట్లు, మరుగుదొడ్లు, వృద్ధులును అవిటివారును లోనికి వచ్చుటకు దారియు అమర్చిరి. కాని గోడపై ఒకదానిమీద నొకటిగా పడిన రంగుల పొరలను గీకలేదు. ఒకనాడు గుమ్మమై తరువాత మూయబడిన ఇటుకల జాడను కప్పిపుచ్చలేదు. నేడు ఆ నడవలో నడచువాడు పానశాలను, పాటలశాలను, ప్రార్థనామందిరమును, గిడ్డంగిని గోడపైననే చదువుకొనవచ్చును. గోడకూడ నొక గ్రంథమే. దానిపై సున్నము కొట్టుట పుటలు చింపుటతో సమానము.

నేడు అచ్చట నాటకములు, సంగీత సభలు, బాలల ప్రదర్శనలు జరుగుచున్నవి. చుట్టుప్రక్కల పాఠశాలల పిల్లలకును, పేట ప్రజలకును కళలు నేర్పు ఏర్పాట్లు కలవు. ఆ పేట యున్న టవర్ హామ్లెట్స్ విభాగమున నేడు బంగ్లాదేశ్ నుండి వచ్చిన కుటుంబములు అధికము. ఒకప్పుడు లాస్కరులు ఓడ దిగిన తావునకు సమీపముననే వారి దేశపు మనుమలు నేడు విద్యార్థులై తిరుగుచున్నారు. కొద్ది దూరముననే లండను ధనమంతయు గుమిగూడిన వ్యాపారపేట కలదు. కావున అట్టి కళామందిరమునకు ఒక అపాయమున్నది: టిక్కెట్టు వెల పెంచి ధనికులను పిలిచినచో ఇల్లు నిలుచును, పేట బయట నిలుచును. టిక్కెట్టు లేనివాడును లోనికి వచ్చి కూర్చుండుటకు ముందరి గదులు తెరచియుంచుట దీనికి వారు కనుగొన్న ఉపాయములలో నొకటి.

ఆ ముందరి గదులలో మహాగని బార్ మరల బార్‌గానే నడచుచున్నదని దాచకుండ చెప్పవలయును. దానిపై వచ్చు ఆదాయము శాల పోషణకు ఆధారమగుచున్నది. మెథడిస్టులు వెడలగొట్టిన మద్యము మరల లోనికి వచ్చినది. ఇది ఈ సభలో పలువురకు రుచింపని విషయము, రుచింపకుండుట న్యాయమే. మద్యము వలన కలిగిన దుఃఖము ఈ దేశమున ఎన్ని యిండ్లలో గుమ్మములు విరిచినదో ఇక్కడి తల్లులకు వేరుగ చెప్పనక్కరలేదు. మద్యమును పూర్తిగా విడిచి ఇట్టి యింటిని నడుపుట సాధ్యమేనా యను ప్రశ్నకు అదే నగరము వేరొక జవాబు నిచ్చినది.

నదికి దక్షిణమున రాయల్ విక్టోరియా అను నాటకశాల యుండెను. 1818లో పుట్టిన ఆ శాల క్రమముగా చెడి, త్రాగుబోతులకు నెలవైనది. ఎమ్మా కాన్స్ అను వనిత ఆ ప్రాంతమున కూలివాండ్ర గృహములను పర్యవేక్షించుచుండెను. శనివారపు కూలి ఆ శాలలో కరగిపోవుటయు, ఆ రాత్రి ఇండ్లలో స్త్రీలు పడు బాధలును ఆమెకు తెలియును. ఆమె మరికొందరితో కలిసి ఆ శాలనే తీసికొని, 1880 డిసెంబరున రాయల్ విక్టోరియా కాఫీ మ్యూజిక్ హాలుగా తెరచెను. మద్యము లేదు, కాఫీ కలదు, అసభ్యము లేని పాట కలదు. ఫలితమేమి? మొదటి నెలలలోనే నష్టము. ఆ కాలమున ఇంగ్లండంతట వెలసిన కాఫీశాలలలో అనేకములకు ఇదే గతి పట్టినది. కాఫీ రుచిగా నుండదు, ఉపదేశము మాత్రము అధికమని జనులు పెదవి విరిచిరి.

ఎమ్మా కాన్స్ ఓడిపోలేదు. శామ్యూల్ మార్లే అను వర్తకుడు తోడ్పడెను. మద్యమును తీసిన చోట ఖాళీ నుంచరాదని ఆమె గ్రహించెను. గొప్ప సంగీతనాటకములలోని ఘట్టములు పాడించెను. ఒక్క పెన్నీ రుసుముతో శాస్త్రజ్ఞులచే ఉపన్యాసములు చెప్పించెను. వినినవారిలో కొందరు మరింత నేర్చుకొనవలయునని కోరిరి. వారికై ఆ శాల వెనుక గదులలోనే తరగతులు మొదలై, 1889లో మార్లే కళాశాలయైనది. అందు పురుషులకును స్త్రీలకును సమముగ ప్రవేశము. ఆమె 1912లో కాలధర్మము నొందగా సోదరి కుమార్తె లిలియన్ బేలిస్ ఆ శాల భారము వహించి, 1914 మొదలు 1923 లోపల షేక్స్పియరు నాటకములను వరుసగా ఆడించెను. ఓల్డ్ విక్ అని లోకప్రసిద్ధమైన రంగస్థలమదియే. 1963లో బ్రిటిషు జాతీయ నాటక సమాజము మొదట కాపురము పెట్టినదియు ఆ యింటిలోనే. త్రాగుబోతుల శాలలోనుండి ఒక కళాశాలయు, ఒక జాతీయ రంగస్థలమును పుట్టినవి. దీనికి మొదలు ఒక స్త్రీ కనుగొన్న చిన్న సత్యము: తలుపు మూయుట సగము పని, సాయంకాలమును నింపుట తక్కిన సగము.

ఈ సత్యము తెలుగునాటికి పరాయిది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామమున అక్షరములు నేర్చుకొనుటకు రాత్రిబడికి వచ్చిన స్త్రీలు సారాను గూర్చిన పాఠము చదివి, సారా దుకాణముపై కదలిరి. ఆ కదలిక ఊరూర వ్యాపించినది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలినది. చట్టము మూసిన తలుపును చట్టమే తెరచినది. పలక పట్టిన చేతులు దుకాణమును మూయింపగలవని దూబగుంట నిరూపించినది. మూసిన దుకాణము ముందు సాయంకాలము ఏడు గంటలకు నిలుచుండు మగవానికి వేరొక గుమ్మము చూపుట యను పని మాత్రము ఏ చట్టమును చేయజాలదు. ఆ పని గ్రామము చేయవలసినదే.

ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమ ప్రవర్తకులు ఈ విషయమును ముందుగనే యెరిగిరి. విజయవాడలో రామమోహన గ్రంథాలయము 1911లో నెలకొన్ననాటినుండియు, 1914లో అచ్చటనే ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో సమావేశమైననాటినుండియు, గ్రంథాలయమనగా బీరువా కాదు, జనము కూడు చోటు అను భావము ఈ దేశమున వేళ్ళూనినది. పుస్తకములతోపాటు రాత్రిపాఠశాలలు, పురాణ కాలక్షేపములు, హరికథలు గ్రంథాలయముల నీడలోనే సాగినవి. చదువురానివానికి చదివి వినిపించుటయు గ్రంథాలయ ధర్మమే యని వారు తలచిరి. 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువలో పడవపై గ్రంథాలయమును నడిపిరి. ఇల్లు లేనిచోట పడవయే ప్రజాగృహమైనది.

ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయమునకు లండను సందులోని యిల్లు చెప్పు మాటలు కొన్ని కలవు. ఇల్లు ఇటుకలవలన బ్రదుకదు, వచ్చిపోవు కాళ్ళవలన బ్రదుకును. విల్టన్ శాలను చుట్టిన మేడలు పడిపోగా అది నిలుచుట కొందరికి దానిపై మక్కువ యుండుటచేతనే. పాతదానిని అసహ్యించుకొని పడగొట్టుటకు ముందు, దానిలో మరల వాడుకొనదగినదేమున్నదో మెథడిస్టులవలె కన్ను తెరచి చూడవలయును. మూతపడిన దుకాణపు గదియో, పాడుపడిన సత్రమో, ఖాళీగానున్న ధాన్యపు కొట్టో ఊరిలో నున్నచో, అది రేపటి నాటకశాలయో పఠనమందిరమో కావచ్చును. అన్నింటికంటె ముఖ్యమైనది, ఏ వేళ మనుష్యునికి ఏమియు తోచదో ఆ వేళ తలుపు తెరచియుండవలయును. పగలు తెరచి ప్రొద్దుగ్రుంకగానే మూయు గ్రంథాలయము కూలివానికి ఎప్పుడును మూసినట్లే. పొలమునుండి వచ్చినవాడు కాళ్ళు కడుగుకొని బయలుదేరు వేళకు గ్రంథాలయములో దీపము వెలుగుచున్నదా, లేదా? ఎదుట పత్రిక చదివి వినిపించు గొంతు కలదా, లేదా? వారమునకొక పాటయో, బుర్రకథయో, పిల్లల ఏకపాత్రాభినయమో కలదా, లేదా? చందా పుస్తకములోని పేర్ల సంఖ్యకంటె ఈ ప్రశ్నలకు వచ్చు జవాబులే గ్రంథాలయపు ఆయుర్దాయమును తెలుపును.

ఆంగ్లేయులు త్రాగుడింటికి ప్రజాగృహమని పేరు పెట్టిరి. ఆ పేరునకు నిజముగా తగిన ఇల్లు గ్రంథాలయము. వెల అడుగక, కులము అడుగక, వచ్చినవానిని కూర్చుండబెట్టి, వెడలునపుడు కొంచెము పెద్దవానిని చేసి పంపు ఇల్లది. ఈ గ్రామపు ప్రజాగృహము రజతోత్సవమునుండి స్వర్ణోత్సవమునకు సాగుచు, ప్రతి సాయంకాలమును దీపముతోను, పాటతోను, పలువురి మాటతోను నింపుచు చిరకాలము వర్ధిల్లుగాక!